వేస్టు అని రాసిన నలభై ఒక్క నిమిషాలు

2024 జనవరి, పుష్యమాసం. నరసరావుపేటలో ఒక మేడ మీద రెండు గదుల్లో నా స్టూడియో. పెళ్ళి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు వేసి ఇచ్చే పనిని అందరూ ఎడిటింగ్ అంటారు, మా వైపు మాత్రం ఇప్పటికీ మిక్సింగ్ అనే అంటారు. పంతొమ్మిదేళ్ళుగా అదే నా పని. పుష్యంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి కెమెరా వాళ్ళు నిద్రపోతారు. నాకు మాత్రం అప్పుడే అసలు చాకిరీ. ఏడాది పొడవునా పోగైన వీడియోనంతా సర్ది, దాచాల్సింది దాచి, చెరపాల్సింది చెరిపేది ఆ నెలలోనే.

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. ఒక పెళ్ళికి మూడు కెమెరాలు, ఒక డ్రోన్ తిరిగితే టెరాబైటు పైగా పోగవుతుంది. పార్టీ చేతికి, అంటే పెళ్ళివాళ్ళకి, వెళ్ళేది అందులో మూడు గంటల వీడియో. మిగిలిందంతా కెమెరా తీసింది తీసినట్టు ఉండే రా ఫుటేజ్. మొత్తం ఉంచుకుంటే డిస్కులు చాలవు. పారేస్తే ఏడాది తర్వాత ఎవరో ఒకరు వచ్చి మా తాత అక్షింతలు వేసింది ఏదమ్మా అని నిలదీస్తారు. అందుకని నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదట ప్రతి కార్డునూ రెండు డిస్కుల్లోకి దించి, ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ తీస్తాను. చెక్‌సమ్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి, లోపల ఒక్క చుక్క మారినా ఆ అంకె మారిపోతుంది. ఆ తర్వాత కల్లింగ్, అంటే ఏరివేత. నేల చూసే షాట్లు, ఊగిపోయిన షాట్లు, వీపులు తప్ప మొహాలు లేని షాట్లు లిస్టులో వేస్టు అని రాస్తాను. మిగిలినవి ట్రాన్స్‌కోడ్ చేసి, అంటే కంటికి తేడా తెలియనంతగా సైజు తగ్గించి దాస్తాను. పార్టీ అడిగితే రా మొత్తం వేరే డిస్కులో వేసి ఇస్తాను. వీడియో ఇచ్చిన ఏడాదికి నా దగ్గరున్న అసలు చెరిపేస్తాను.

టెరాబైటు పెళ్ళిని నూటయాభై గిగాబైట్లకు దించగలనని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. డిస్కుల మీద డిస్కులు కొని గుట్టలేసుకునే వాళ్ళని చూసి నవ్వుకునేదాన్ని.

ఆ జనవరిలో ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. యాభై దగ్గర వయసు, కొంగు నడుముకి బిగించి ఉంది. మిరపకాయలు కోసి కోసి చేతివేళ్ళు ఎర్రబడి ఉన్నాయి. పేరు కోటేశ్వరి అని చెప్పింది. బొల్లాపల్లి మండలంలోని ఒక ఊరినుంచి రెండు బస్సులు మారి వచ్చిందట.

"సుబ్బారావు గారి పిల్ల పెళ్ళి బొమ్మ నీ కాడే ఉందంట గదా అమ్మాయ్" అంది.

ఉందన్నాను. 2021 డిసెంబరులో జరిగిన పెళ్ళి అది, నాకు గుర్తే. వాళ్ళేమైనా పంపారా అని అడిగితే లేదు, నా పని మీదే వచ్చానంది. మంచినీళ్ళు తాగి, కూర్చుని, విషయం మొదటినుంచి చెప్పింది.

ఆమెకి రెండెకరాల చేను. ఆ చేనికి పోవాలంటే వెంకట్రామయ్య అనే రైతు పొలం పక్కగా ఒక డొంక ఉంది. ఆమె అత్తగారి కాలంనుంచీ బండ్లూ ట్రాక్టర్లూ అటే తిరుగుతున్నాయి. కిందటేడు వెంకట్రామయ్య బోరు వేసి డ్రిప్ పైపులు పరిచాడు. కోటేశ్వరి ట్రాక్టరు రెండుసార్లు ఆ పైపు తొక్కింది. మాటా మాటా పెరిగింది. దసరా వెళ్ళగానే ఆయన సిమెంటు స్తంభాలు పాతి ముళ్ళకంచె లాగేశాడు. అక్కడ దారే లేదు, ఉన్నది గట్టు, గట్టు మీద నడిచి పొమ్మనండి అని ఊరందరి ముందూ అన్నాడు. రెవెన్యూ వాళ్ళు వచ్చి మ్యాపులో చూస్తే ఆ డొంక లేదు. వాడుకలో ఉన్న దారి అని చూపించే ఆధారం ఏదైనా తీసుకురమ్మన్నారు. ఊళ్ళో వాళ్ళెవరూ సాక్ష్యానికి రారు, రేపు ఆయనతో అవసరం పడుతుందని. ఆమె మొగుడు లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే ఉంటాడు. చేలో మిరప పండి ఎర్రగా ఉంది. కోసినా ఆ బస్తాలు గట్టు మీద నెత్తిన మోసుకురావాలి, దానికి కూలీలు ఒప్పుకోవడం లేదు. ఇంకో పది రోజులు ఆగితే కాయ చెట్టునే తాలైపోతుంది.

పెళ్ళి వీడియోకీ దీనికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. అది కూడా ఆమే చెప్పింది. సుబ్బారావు గారింట్లో పెళ్ళికూతుర్ని చేసేముందు పుట్టమన్ను తెచ్చే ఆనవాయితీ ఉంది. మేళంతో, ముత్తయిదువలంతా పుట్ట దగ్గరికి వెళ్ళి, మేనమామ గడ్డపారతో తవ్విన మన్ను తెచ్చి ఆ మట్టిలో నవధాన్యాలు పోస్తారు. ఆ పుట్ట కోటేశ్వరి చేను గట్టున ఉంది. ఊరేగింపంతా ఆ డొంక వెంటే పోయింది. పైన తిరిగే కెమెరా కూడా వచ్చింది, నేను కళ్ళారా చూశాను అంది.

"నా మొగం అక్కర్లా, దారి కనపడితే చాలు" అంది.

నాకొక నియమం ఉంది. పార్టీ వీడియో పార్టీది. వాళ్ళు చెప్పకుండా ఒక్క ఫ్రేము కూడా బయటివాళ్ళకి చూపించను. పెళ్ళిళ్ళలో కెమెరా ముందు మనుషులు ఏమేం మాట్లాడుకుంటారో, ఎవరు ఎవరివైపు చూడరో అంతా మాకు తెలుస్తుంది, నోరు కట్టేసుకోకపోతే ఈ వృత్తిలో ఉండలేం. ఆ మాటే మెల్లగా చెప్పాను. అది వాళ్ళ సొత్తు అక్కా, నాది కాదు అన్నాను. కోటేశ్వరి వాదించలేదు, ఏడవలేదు.

"నా దారి కూడా వాళ్ళ సొత్తేనా?" అని మాత్రం అడిగింది.

ఆమెకి చూపించకుండా నేనే ఒకసారి చూద్దామని లిస్టు తెరిచాను. పుట్టమన్ను అన్న వరసలో నా చేత్తోనే టైప్ చేసి ఉంది: మొత్తం నలభై ఒక్క నిమిషాలు, ఉంచింది ఇరవై రెండు సెకన్లు, మిగతా వేస్టు. ఆ ఇరవై రెండు సెకన్లు చూశాను. పసుపు రాసుకున్న పాదాలు, గడ్డపార మొన, నవ్వుతున్న రెండు మొహాలు. దారి లేదు. డ్రోన్ షాట్లలో పందిరి మీదివి మాత్రమే ఉంచాను. పొలాల మీదుగా వెళ్ళింది గాలికి ఊగిందని తీసేశాను. అసలు ఫైళ్ళు చెరిపి అప్పటికే ఏడాది కావొచ్చింది. పద్ధతిగా, లెక్కప్రకారం, ఎక్కడా పొరపాటు లేకుండా చెరిపాను. ఎదురుగా ఆమె కూర్చుని ఉంటే నాకు సిగ్గేసింది.

నా దగ్గర లేదక్కా, పార్టీకి ఇచ్చిన డిస్కులో ఉంటే ఉండాలి అన్నాను. ఆమె మొహం వాడిపోయింది. ఎందుకంటే పెళ్ళికూతురి తల్లి రాజ్యలక్ష్మి గారు ఎవరో కాదు, వెంకట్రామయ్యకి సొంత చెల్లెలు. ఆ రోజు గడ్డపార పట్టుకున్న మేనమామ ఆయనే.

ఆమెని పంపేశాక చాలాసేపు ఆలోచించాను. సర్వీసింగుకి అని చెప్పి డిస్కు తెప్పించుకోవచ్చు. పెళ్ళి వీడియో మళ్ళీ బాగుచేసి ఇస్తానన్నా ఎవరూ కాదనరు. ఆ బుద్ధి నాకు పుట్టలేదని చెప్పను, పుట్టింది. కానీ అలా చేస్తే నా నియమానికి నేనే నీళ్ళొదిలినట్టు. సాయంత్రం రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేసి, ఎవరొచ్చారో, ఏం అడిగారో, ఎందుకో మొత్తం చెప్పేశాను.

"రేపు రా. నువ్వొక్కదానివే రా" అని పెట్టేశారు.

మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. సుబ్బారావు గారు మిరప యార్డు పని మీద గుంటూరు వెళ్ళారు, ఇంట్లో ఆవిడ ఒక్కరే. బీరువా లాకరు తెరిచి, దస్తావేజుల కింద నుంచి పసుపుగుడ్డలో కట్టిన డిస్కు తీశారు. దాని నలుమూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. దసరాకి ఇంట్లో మిక్సీకీ బైకుకీ పెట్టినట్టే దీనికీ పెట్టారు, అదీ రెండు దసరాలు. కేబులు పెట్టే రంధ్రం నిండా తడి పసుపు ఎండి గట్టిపడి ఉంది. ఇచ్చిన రోజునుంచీ ఒక్కసారి కూడా కంప్యూటరుకి తగిలించలేదట. భద్రంగా ఉంచమన్నావు కదమ్మా, భద్రంగానే ఉంచాం అన్నారు. తప్పు నాదే. భద్రంగా ఉంచమని చెప్పాను కానీ ఆర్నెల్లకోసారి తిప్పి చూడమని చెప్పలేదు. వాడకుండా పెట్టిన డిస్కు నెలల తరబడి వెయ్యని బావి మోటారులాంటిది, అవసరమైనప్పుడే మొరాయిస్తుంది.

గుండుసూదితో, పళ్ళు తోముకునే బ్రష్షుతో, నాతో తెచ్చుకున్న స్పిరిట్‌తో గంటసేపు ఆ పసుపు గీకాను. రాజ్యలక్ష్మి గారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, నా చేతుల్నే చూస్తున్నారు. ఇది పాడైపోయి ఉంటే బాగుండునని ఆవిడ అనుకుంటున్నారో, పని చెయ్యాలని అనుకుంటున్నారో ఆ మొహం చూస్తే తెలియలేదు. మూడోసారికి డిస్కు తిరిగింది. నా పాత చెక్‌సమ్ లిస్టుతో పోల్చి చూశాను. పుట్టమన్ను ఫైళ్ళు అన్నీ సరిపోయాయి.

"ముందు నన్ను చూడనీ" అన్నారావిడ.

నలభై ఒక్క నిమిషాలూ చూశాం. డ్రోన్ ఊగిందే కానీ, పైనుంచి ఆ డొంక ఊరి చివర నుంచి పుట్టదాకా తెల్లగా, రెండు చక్రాల చాళ్ళతో స్పష్టంగా ఉంది. తర్వాత కింది కెమెరా. కెమెరామన్ మస్తాన్ ఒకచోట రికార్డింగ్ ఆపడం మర్చిపోయి కెమెరా చంకన పెట్టుకుని నడిచాడు. నాలుగు నిమిషాలపాటు నేల, చెప్పులు, చీరల అంచులు, టైరు గుర్తులు తప్ప ఏమీ లేవు. ఇలాంటి షాటు చూడగానే ఎవరైనా వేస్టు అనే రాస్తారు. నేనూ అదే రాశాను.

ఆ నాలుగు నిమిషాల్లోనే మేళం ఆగింది. దూరంగా ట్రాక్టరు చప్పుడు. కోటేశ్వరి పత్తి లోడు ఎదురొస్తోందని ఒకావిడ అంది. ఆడవాళ్ళు విసుక్కోవడం వినబడింది. మంచి పని మీద పోతుంటే ఇదేంది, వెనక్కి పొమ్మనండి అని ఎవరో అన్నారు. అప్పుడు ఒక మగ గొంతు దగ్గరగా, గట్టిగా పలికింది.

"పక్కకి జరగండి, జరగండి. లోడు బండి వెనక్కెట్టా పోద్ది? దారి దానిది. మనమే పక్కకి నిలబడాల."

మాటలయ్యేసరికి మస్తాన్‌కి కెమెరా గుర్తొచ్చినట్టుంది, లెన్సు పైకి లేచింది. భుజాన గడ్డపారతో, నుదుట బొట్టుతో, కొత్త పంచెలో వెంకట్రామయ్య గారు చెయ్యి ఊపి ట్రాక్టరుని పోనిస్తున్నారు.

రాజ్యలక్ష్మి గారు వెనక్కి జరపమని సైగ చేశారు. మళ్ళీ విన్నారు. మూడోసారి కూడా విన్నాక ఫోన్ తీసి, "అన్నా, ఒకసారి రా. ఇంట్లో పనుంది" అన్నారు.

వెంకట్రామయ్య గారు వచ్చారు. అరవై ఏళ్ళ మనిషి, మోకాలు నొప్పితో మెల్లగా నడుస్తున్నారు. కళ్ళజోడు తుడుచుకుని, మేనకోడలి పెళ్ళి అనగానే సంబరంగా కూర్చున్నారు. ఊరేగింపులో తను వేసిన ఛలోక్తి వచ్చినప్పుడు పెద్దగా నవ్వారు కూడా. ఆ తర్వాత ట్రాక్టరు వచ్చింది. ఆయన గొంతు ఆయనకే వినబడింది. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

అప్పుడు పైపు లేదు గదా అన్నారు ఎవరినీ చూడకుండా. రెండుసార్లు పైపు పగిలితే నీళ్ళన్నీ నేలపాలయ్యాయని, కోటేశ్వరి ఒక్కసారైనా వచ్చి క్షమించు అన్నా అని అనలేదని చెప్పారు. ఆ బాధ అబద్ధం కాదని నాకు అనిపించింది. తర్వాత నా వైపు తిరిగారు.

"ఇది ఇంకెక్కడన్నా ఉందా అమ్మా?"

నేను అబద్ధం చెప్పలేదు. నా దగ్గరున్నది నేనే చెరిపేశానండీ, ఉన్నది ఇదొక్కటే అన్నాను.

"అయితే ఆ ముక్క తీసెయ్" అన్నారు.

పెళ్ళిళ్ళలో ముక్కలు తీసెయ్యమని నన్ను చాలామంది అడిగారు. విడిపోయిన తోడికోడలిని, అప్పటికి పడని బావగారిని, తాగి పడిపోయిన తమ్ముడిని ఎందరినో తీసేశాను. ఐదు సెకన్ల పని. ఈసారి కూడా ఐదు సెకన్లే. ఆ ఐదు సెకన్లతో కోటేశ్వరి రెండెకరాల మిరప చేలోనే ఎండిపోతుంది, ఆమె చెప్పింది నిజమని చూపించేది ప్రపంచంలో ఇంకేదీ మిగలదు. నా చేతులు కీబోర్డు మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. డిస్కు అమ్మగారిదండీ, ఆవిడ చెప్పాలి అన్నాను. నిజానికి ఆవిడ తీసెయ్యమంటే నేను తీయాల్సిందే. ఆ క్షణంలో నాకు భయమేసింది.

రాజ్యలక్ష్మి గారు అన్నగారి ముందు టీ గ్లాసు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు.

"ఆ పెళ్ళిలో అలకలు పోయావు, వంటోళ్ళని తిట్టావు, మా వియ్యంకుడితో గొడవ పెట్టుకున్నావు. మొత్తం మీద నువ్వన్న మంచి మాట అదొక్కటే అన్నా. అదీ తీసేస్తే నీది ఇంకేం మిగలదు."

ఆయన టీ తాగారు. గ్లాసు కింద పెట్టి, లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగిందాకా చూసి, రాజ్యలక్ష్మి గారు నాతో, రెండు కాపీలు తియ్యి, ఒకటి నాకు, ఒకటి కోటేశ్వరికి అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. తోడబుట్టినవాడికి ఎదురు చెప్పడం ఆవిడకి అదే మొదటిసారేమో నాకు తెలియదు, నేను అడగలేదు.

నాలుగో రోజున వెంకట్రామయ్య గారు కంచెలో రెండు స్తంభాలు పీకించారు. సరిగ్గా ట్రాక్టరు పట్టేంత వెడల్పు. మిగతా కంచె అలాగే ఉంచారు. చక్రాలు తొక్కేచోట డ్రిప్ పైపుని సిమెంటు గొట్టంలో దూర్చి నేలలో పాతారు. ఆ గుంట తవ్వడానికి కోటేశ్వరి మొగుడు లారీ ఆపుకుని వచ్చి పార పట్టాడట. ఇద్దరు మగవాళ్ళూ పొద్దంతా పక్కపక్కనే పనిచేసి, పైపు గురించి తప్ప ఇంకే మాటా మాట్లాడుకోలేదని రాజ్యలక్ష్మి గారు ఫోనులో చెప్పి నవ్వారు. మొదటి కోత బండి మీదే కళ్ళానికి చేరింది.

ఫిబ్రవరిలో కోటేశ్వరి మళ్ళీ స్టూడియోకి వచ్చింది. కాపీ చేసిన పెన్‌డ్రైవ్ తీసి పెట్టి ఉంచాను, ఇవ్వబోయాను. ఆమె చెయ్యి చాపలేదు. రెవెన్యూ వాళ్ళ దగ్గర కాగితాల పని ఇంకా అయిపోలేదు, రేపు అవసరమవుతుంది, తీసుకో అక్కా అని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా కాడుంటే రోజూ అదే చూస్తా. చూసినప్పుడల్లా ఆయన మీద కోపం వస్తది. పొద్దున లేస్తే ఆ మడిసి ఎదురు పడకుండా నాకు గడవదు. నీ కాడే ఉంచు."

పంతొమ్మిదేళ్ళుగా నేను దాచేది ఎప్పుడో ఒకరోజు బయటికి తీసి చూపించడానికే అనుకునేదాన్ని. అందుకే బాగున్నవి ఉంచి, బాగాలేనివి తీసేసేదాన్ని. చూపించాల్సిన అవసరం రాకుండా ఉండటానికి కూడా దాచాల్సినవి ఉంటాయని, అవి ఏవో ఏరే తెలివి మిక్సింగ్ బల్ల ముందు కూర్చున్న మనిషికి ఉండదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు లిస్టులో వేస్టు అన్న మాట రాయడం మానేశాను, "వాడలేదు" అని రాస్తున్నాను. వాడని షాట్లని ఇంకా ఎక్కువ కుదించి, బొమ్మ మసకబారినా మాటలు వినపడేలా ఉంచుతున్నాను. డిస్కులు కాస్త ఎక్కువే అవుతున్నాయి. పార్టీకి చెప్పకుండా ఏదీ చెరపడం లేదు.

ఆ పెన్‌డ్రైవ్‌లోది ఒక డిస్కులోకి మార్చి, పక్కన ఇంకో డిస్కులో కూడా పెట్టాను. ఆర్నెల్లకోసారి రెండూ తగిలించి చెక్‌సమ్ సరిచూస్తాను. ఫైలు చెక్కుచెదరలేదని తెలిస్తే చాలు, తీసి పక్కన పెట్టేస్తాను. ఆ నాలుగు నిమిషాలు మాత్రం మళ్ళీ తెరవలేదు. తెరిచే అవసరం ఇంతవరకూ రాలేదు.